కోడలికి పండుగ లేదా?

మన సంస్కారప్రియుల గృహములలో నేడొక వింత కానవచ్చుచున్నది. కుమారుడు అన్యప్రాంతపు కన్యను వరించితినని చెప్పినచో పెద్దలు పూర్వమువలె అలుగుట లేదు. సమ్మతించుచున్నారు, విందులు చేయుచున్నారు, బంధువుల యెదుట ఉపన్యసించుచున్నారు. ఇంతవరకు మేలే. కాని పందిరి విప్పి, చుట్టములు వెడలి, మొదటి పండుగ వచ్చునప్పటికి ఆ సంస్కారము లోతెంతయో బయటపడుచున్నది. ఏలయన, పెండ్లి ఒకనాటిది, పండుగ ఏటేటిది.

నాకు విశాఖపట్టణమున చిరకాలమిత్రుడొకడు కలడు. అతని కుమారుడు బెంగుళూరులో ఉద్యోగము చేయుచు, అచ్చటనే పనిచేయుచున్న వంగదేశపు కన్యను ప్రేమించి మాఘమాసమున వివాహమాడెను. తండ్రి ఎట్టి యభ్యంతరమును చెప్పలేదు. ఉగాదినాడు ఆ చిన్నది అత్తవారింట వేపపువ్వు పచ్చడిని నవ్వుచు పుచ్చుకొనెను. తమ సంవత్సరాది సౌరమానమున వైశాఖ ప్రథమదినమున, ఏప్రిలు నడుమ వచ్చునని ఆమె చెప్పగా అందరును వినిరి. ఆ దినము వచ్చినపుడు ఎవరును జ్ఞాపకముంచుకొనలేదు. జ్యేష్ఠ శుద్ధ షష్ఠినాడు వంగీయులు అల్లుని పిలిచి గౌరవింతురు. దానికి జమాయి షష్ఠి యని పేరు. ఆనాడు మావాడు కలకత్తాకు పోయెను. చేప లేని విందు విందే కాదనుకొను ఆ యింట, శాకాహారియగు అల్లునికై అత్తగారు వేరుగ వంటచేసి, లూచీలును, శనగపప్పును, తీయని పెరుగును వడ్డించి, క్రొత్తబట్టలు పెట్టిరి.

పిదప ఆశ్వయుజము వచ్చెను. దంపతులు దసరాకు విశాఖకు వచ్చిరి. ఆ దినములు మనలో పలువురకు నియమములతోను ఉపవాసములతోను గడపదగినవి. వంగీయులకో, దుర్గ పుట్టినింటికి వచ్చిన కూతురు. షష్ఠి మొదలు దశమివరకు ఆమె రాకను పురస్కరించుకొని ఊరెల్ల విందు చేసికొందురు. మహానవమినాడు మాంసము వండుకొనుట అచ్చట అనేక గృహములందు ఆచారము. ఆ యమ్మాయి అత్తవారింట మాంసము వండెదననలేదు. ఊరిలోని వంగీయులు జరుపుకొను పూజకు పోయి, తనవారితో భుజించి వచ్చెను. అంతియే. మరునాడు విజయదశమి. అత్తగారు ఆమెను వంటయింటి గడప దాటనీయక, "అమ్మాయీ, ఈ యింటికి వచ్చిన పిమ్మట ఈ యింటి పండుగలే నీ పండుగలు" అనిరి. మామగారు పత్రిక చదువుకొనుచుండిరి. భర్త తలవంచుకొనెను. ఆమె యడిగిన దొక్కటే: "అత్తయ్యగారూ, మీ అబ్బాయి మా యింటికి వచ్చినపుడు మేము ఆయనను ఏమి మానుకొమ్మంటిమి?"

ఈ ప్రశ్నకు ఆ యింట నేటివరకు ఎవరును బదులు చెప్పలేదు. బదులు లేదు గనుకనే చెప్పలేదు. మనకు సంక్రాంతి, వారికి జమాయి షష్ఠి. అల్లునికి రెండు దేశములందును పండుగ కలదు. కోడలికో, తనదియైన పండుగ గూడ లేకపోయెను!

ఈ సందర్భమున ఒక పూర్వవృత్తాంతమును స్మరింపవలసియున్నది. 1872వ సంవత్సరపు మూడవ శాసనము ననుసరించి వివాహమాడదలచినవారు తాము హిందూ క్రైస్తవ మహమ్మదీయాది మతములలో దేనిని అవలంబింపమని ప్రకటింపవలసియుండెను. హైదరాబాదున జన్మించిన వంగకన్య సరోజినీ చట్టోపాధ్యాయకును, గోవిందరాజులు నాయుడుగారికిని 1898లో మదరాసున వివాహము జరిగినది ఆ శాసనము ననుసరించియే. దానిని జరిపించినవారు మన వీరేశలింగము పంతులుగారు. ఆ షరతు 1923లో హిందువుల పరస్పర వివాహములకు సడలింపబడినది. 1954వ సంవత్సరపు ప్రత్యేక వివాహశాసనమున అది ఎవరికిని లేకుండ పోయినది. నేడు వరుడు గాని వధువు గాని తన మతమును, తన ఆచారమును విడిచితినని ఏ అధికారి యెదుటను చెప్పనక్కరలేదు. కాని శాసనము విడిచిన షరతును అత్తవారిల్లు విడువలేదు. అదియు ఇరువురిని గాక, వధువును మాత్రమే అడుగుచున్నది. దీనిని సంస్కారమందుమా?

"ఇంటికొక రీతి ఉండవలదా? ఎవరి పండుగలు వారు చేసికొన్నచో మన సంప్రదాయము నిలుచునా?" అని పెద్దలందురు. లక్ష్మీదేవిని మనము దీపావళి అమావాస్యనాడు పూజింతుము; వంగీయులు ఆశ్వయుజ పూర్ణిమారాత్రి పూజించి, ఆ అమావాస్యనాడు కాళిని కొలుతురు. తిథి మారినందున లక్ష్మి ఎవరి యింటను అలుగలేదు. అంత దూరమేల? తెలంగాణమున ఆడపడుచులు తొమ్మిదినాళ్లు బతుకమ్మను పేర్చి ఆడుదురు. తీరమండలములందు అది ఇంటింటి పండుగ కాదు. ఇరువురును తెలుగువారు కాకపోయిరా? వేరొకరి దీపమును చూచి ఆరిపోవు దీపము మనది కాదు.

వంటయింటి మాట కూడ న్యాయముగనే విచారింతము. "మా వంటయింట మాంసము వండవలదు" అనుట స్థలమునకు సంబంధించిన నియమము. దానిని ఆ యమ్మాయి మన్నించినది. "నీ వెచ్చటను తినరాదు" అనుట మనిషిపై అధికారము. దానిని ఎవరును మన్నింప బనిలేదు. ఈ రెంటికిని గల భేదము తెలియనివారు ఎన్ని కులాంతర వివాహములు చేసినను ఏమి లాభము?

మరికొందరు యువకులు, "ఈ తగవేల? ఏ పండుగయు చేయము" అందురు. అది సమాధానము కాదు, పలాయనము. ప్రశ్న పండుగలది కాదు, గౌరవములది. నిజముగ మానవలసినవి వేరే యున్నవి. విజయదశమినాడు వంగదేశపు ముత్తైదువలు పరస్పరము సిందూరము పూసికొందురు. వితంతువును ఆ వేడుకకు దూరముగ నిలుపుట అచ్చటి పాత యాచారము. మన పేరంటములందును వితంతువునకు పిలుపు లేదు. తిథులలోను వంటలలోను కలియని రెండు దేశములు ఈ క్రౌర్యమున మాత్రము చక్కగ కలిసినవి! భేదమును సహింపలేనివారు అన్యాయమును ఎంత సుఖముగ సహించుచున్నారో చూడుడు. ఉభయులును కలిసి తోసివేయవలసినది దీనిని. ఒకరి చేపను, ఒకరి వేపపువ్వును కాదు.

ప్రేమించి పెండ్లాడు యువకులారా! మీ ప్రేయసికి ఏ పాట యిష్టమో, ఏ రంగు యిష్టమో మీరెరుగుదురు. ఆమె బాల్యమున ఏనాటి వేకువకై నిదురమాని కాచుకొనెడిదో ఎరుగుదురా? పెండ్లికి ముందే అడిగి తెలిసికొనుడు. ఆమె పండుగనాటి పనిలో సగము మీరు చేయుడు. మీ తల్లికి చెప్పవలసిన మాటను మీరే చెప్పుడు. ఆ భారమును నిన్న వచ్చిన పిల్లపై వేసి తలవంచుకొనుట వినయము కాదు, పిరికితనము.

అత్తలగు సోదరీమణులారా! మీరును ఒకనాడు పుట్టినింటి పండుగలను మూటగట్టి అటుకపై పెట్టి వచ్చినవారే. మీకు జరిగినదానిని కోడలికి జరుపుట ఆచారరక్షణమని భ్రమపడకుడు. వచ్చు ఆశ్వయుజమున కోడలి చేయి పట్టుకొని ఆమె పూజకు మీరును పోయి రండు. అచ్చట మీరేమియు తిననక్కరలేదు. తిరిగివచ్చిన మరునాడు మాత్రము ఆమెను మీ వంటయింటి గడపలో నిలుపకుడు.