పొయ్యి పైన కరెంటు పెట్టె

గృహప్రవేశాలకు పిలిస్తే అందరూ ముందు పూజగది చూస్తారు. తరవాత వంటింటి గట్టుకి ఏ రాయి వేశారో చేత్తో తడిమి చూస్తారు. నేను మాత్రం ఎంసీబీ బాక్సు ఎక్కడుందా అని వెతుక్కుంటాను. అదేనండీ, మీటరు నుంచి వచ్చిన తీగ ఇంట్లోకి రాగానే చేరే పెట్టె, లోపల వరసగా చిన్న చిన్న మీటలుండేది. "ఇదేం పిచ్చమ్మా నీకు" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ పిచ్చి ఎలా పట్టిందో చెబుతాను.

తిరుపతిలో మేం కొనుక్కున్న ఫ్లాటు రెండు పడగ్గదులది. అందులో ఆ పెట్టె వంటింట్లో, సరిగ్గా గ్యాసు పొయ్యికి పైన ఉండేది. మూడేళ్ల కిందట ఒక మే నెల సాయంత్రం ఇడ్లీకి పిండి రుబ్బుతూంటే గ్రైండరులోంచి కమురు వాసన, వెంటనే పొగ. ప్లగ్గు ఆ పొగ వెనకాలే ఉంది. మెయిను ఆపేద్దామని ఎగబడ్డాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. ఆ మంట మీదుగా చెయ్యి చాచాలి, రెండో చేత్తో కొంగు పట్టుకోవాలి. అందలేదు. పొయ్యి ఆపి, గిన్నె దించి, స్టూలు కోసం పరుగెత్తేలోగా మా అత్తగారు, ఆవిడకి డెబ్భై ఆరేళ్లు, పిండి అంటిన తడిచేత్తో గ్రైండరు పట్టుకోబోయారు. నేను వేసిన కేకకి ఆగిపోయారు. ఆగకపోయి ఉంటే అన్న ఊహ ఇప్పటికీ నన్ను రాత్రిళ్లు లేపుతుంది.

మర్నాడు ఇల్లు కట్టిన మేస్త్రీని పిలిపించి అడిగాను. "వాస్తు ప్రకారం అది అగ్నిమూల గదమ్మా! పొయ్యీ అగ్గే, కరెంటూ అగ్గే. రెండూ ఆడనే ఉండాల" అన్నాడు, ఇంత చదువుకుని ఇదీ తెలీదా అన్నట్టు.

ఆగ్నేయం మీద నాకేం కోపం లేదు. మా ఇంట్లో పొయ్యి ఇప్పటికీ ఆ మూలే ఉంది. కానీ వాస్తుశాస్త్రం రాసిన మహానుభావుల కాలానికి కరెంటు ఎక్కడిది? పొయ్యికి చెప్పిన మాటను తీసుకొచ్చి తీగకి అంటించింది మనవాళ్లే. పోనీ, అంత పట్టింపే ఉంటే, ఇంట్లో ప్రతి గదికీ ఒక ఆగ్నేయ మూల ఉంటుంది కదా. ముందుగది మూల పనికిరాదూ? నిజం చెప్పాలంటే సగం ఇళ్లలో వాస్తు ఒక సాకు. తీగ ఎక్కడ తక్కువ పడుతుందో, ఏ గోడ అందానికి అక్కర్లేదో అక్కడికి ఆ పెట్టె పోతుంది. ఆడవాళ్ల గది గోడకి అందం అక్కర్లేదని ఎవరు తేల్చారో మరి!

ఇళ్లలో వైరింగు ఎలా చెయ్యాలో చెప్పే ప్రమాణం మన దేశంలో ఎప్పటినుంచో ఉంది. ఐ.ఎస్. 732 అంటారు. స్విచ్‌బోర్డు పెట్టెలను గ్యాసు పొయ్యికి, సింకుకి పైన పెట్టకూడదనీ, స్నానాలగదిలో, మరుగుదొడ్లో, వంటింట్లో పెట్టనే కూడదనీ అందులో రాసి ఉంది. బట్టలుతికే గదిలో అయితే ఉతికే చోటికి రెండున్నర మీటర్ల లోపల ఉండకూడదు. తలుపు లేని పెట్టె అడుగుభాగం నేలకి 1.25 మీటర్ల కంటే కిందికి రాకూడదు. రాసినవాళ్లు ఎప్పుడైనా వంట చేశారో లేదో గాని, నా వంటింటిని చూసి రాసినట్టే ఉంది.

కరెంటు పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం మన తిరుపతిలోనే ఉంది కదా, వాళ్లు చూసుకోరా అంటారేమో. మీటరు దాటి లోపలికొచ్చిన తీగల బాధ్యత ఇంటివాళ్లదేనండీ.

"ఇరుకిల్లు గదక్కా, జాగా యాడుండాది?" అన్నాడు తరవాత వచ్చిన కరెంటు పనివాడు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఫ్రిజ్జుకి జాగా దొరుకుతుంది. వాషింగ్ మెషీనుకి దొరుకుతుంది. గోడంత టీవీకి గోడంతా దొరుకుతుంది. అడుగు వెడల్పు పెట్టెకి మాత్రం ఇల్లు ఇరుకు! అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లు చూడండి. అక్కడి నియమం ప్రకారం ఆ పెట్టె ముందు మూడడుగుల లోతు, రెండున్నర అడుగుల వెడల్పు ఖాళీగా వదలాలి. బట్టల అలమరలో, స్నానాలగదిలో పెట్టడానికి వీల్లేదు. వాళ్లకి పెద్ద ఇళ్లు కాబట్టి చెల్లిందంటారా? ఇరుకింట్లోనే కదా మనిషి తొందరగా చేరుకోవలసింది, తప్పుకోవడానికి చోటు లేనిది!

పెద్ద ఇళ్లవాళ్లూ తక్కువ తినలేదు. చిత్తూరులో మా బంధువులింట్లో ఆ పెట్టెను బీరువా వెనక్కి తోసేశారు. ఇంకొకరు చెక్క పలకతో కప్పి, దానిమీద వెంకటేశ్వరస్వామి పటం తగిలించారు. స్వామిని తీస్తే గాని కరెంటు ఆగదు! అదే చిత్తూరులో మా నాన్నగారింట్లో మీటరూ, మెయినూ, పింగాణీ ఫ్యూజులూ వసారాలో చెక్క బోర్డు మీద ఉండేవి. చూడ్డానికి బాగుండేవి కావు, నిజమే. కానీ ఎనిమిదో క్లాసు పిల్లనైన నాకు మెయిను అందేది, ఎలా దించాలో తెలిసేది.

పగలు పదింటి నుంచి సాయంత్రం ఆరు దాకా ఇంట్లో ఎవరుంటారు? పెట్టె జాగా తేల్చేది మాత్రం ఆ వేళ ఇంట్లో ఉండని ముగ్గురు మగవాళ్లు. టైల్సు రంగు మనల్ని అడుగుతారు, ఇది అడగరు. మనమూ అడగం, అది వేరే సంగతి.

ఇంకో మాట. ఎంసీబీ కాపాడేది ముఖ్యంగా తీగని. మనిషిని కాపాడేందుకు ఆర్‌సీసీబీ అని వేరే ఉంటుంది. ఇళ్లకి 30 మిల్లీయాంపులది వేస్తారు. మనిషి ఒంట్లోంచి కరెంటు నేలకి పారుతుంటే అది టక్కున పడిపోతుంది. దానిమీద 'టి' అని చిన్న బొత్తాం ఉంటుంది, అప్పుడప్పుడూ నొక్కి పడుతోందో లేదో చూసుకోవాలి. మా పెట్టెలో అది లేనేలేదని ఆ గొడవ తరవాతే తెలిసింది.

పాత ఇంట్లో పెట్టె మార్చడం సులువని నేననను. గోడ తవ్వాలి, తీగలు పొడిగించాలి, దుమ్ము, ఖర్చు, మొగుడి సణుగుడు. మార్చలేకపోతే ముందున్న బీరువా అయినా జరపండి, ఏ మీట ఏ గదిదో తెలుగులో రాసి అంటించండి. మేం మార్పించాం. ఇప్పుడది వీధి తలుపు పక్కన, తలుపు తెరిస్తే దాని వెనక పడకుండా, నా భుజం ఎత్తున ఉంది. పని పూర్తయిన రోజు మా అత్తగారు దాన్ని కాసేపు పరీక్షగా చూసి, "వచ్చేవాళ్లకి ఎదురుగా ఇదేమిటమ్మా, దీనిమీద ఆ క్యాలెండరు తగిలించు" అన్నారు.

తగిలించలేదు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు ఆవిడ. నాలుగో రోజు పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని పెట్టె ముందు నిలబడి, "వంటిల్లు అన్నది ఏదీ, ఇదేనా?" అని అడిగారు.