పాత గోతులకి పేరు లేదా?

నేనుండే పి.గన్నవరంలో ఎంత తవ్వినా ఒండ్రుమట్టే. రాగి గురించి పుస్తకాల్లోనే చదివా. వినుకొండ వైపు అగ్నిగుండాల గనుల గురించి రాసేటప్పుడు, పూర్వం తవ్వినోళ్లని 'పాత తవ్వకాలు' అని రెండు మాటల్లో తేల్చేస్తారు. మనుషుల ఊసే ఉండదు.

రాతి మీద పచ్చమరక చూసి లోపల రాగి ఉందని పసిగట్టాలి. ఆ ఖనిజంలో ఇనుము, గంధకం కూడా కలిసుంటాయి. కాల్చి గంధకాన్ని పోగొట్టాలి. బొగ్గుతో కరిగించి ఇనుముని చిట్టెంగా విడగొట్టాలి. ఇది చదువు కాదా? చేసినోళ్లు అనాగరికులా?

పేరు చెరిపేస్తే హక్కు చెరపడం తేలిక. అందుకే 1997 సమతా తీర్పు కంఠతా పట్టండి: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి గని లీజు చెల్లదు. రేపు సర్వేవాళ్లు వస్తే కొండదారి చూపించేది మనమే. ఊరికే చూపించొద్దు. ముందు గ్రామసభ పెట్టమనండి, మన పేర్లు రాయించండి.