ఓడినా ఒక పాయింటు

జొన్నాడ సెంటర్లో మా బాబాయికి పంక్చర్ షాపు ఉంది. అందులో మూడు వస్తువులు ఏళ్ల తరబడి మారలేదు. గాలి కొట్టే కంప్రెసర్, గోడకి బిగించిన టీవీ, దాని కింద మేకుకి దారం కట్టి వేలాడదీసిన లావుపాటి నోట్సు. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని అరువు ఖాతా అనుకుంటారు. కాదు. అది తెలుగు టైటాన్స్ ఖాతా. 2014 జులైలో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైన దగ్గర్నుంచి ఆ జట్టు ఆడిన ప్రతి మ్యాచూ అందులో ఉంది. తేదీ, ఎవరితో ఆట, ఎంతకెంత. ఓడితే నీలం సిరా, గెలిస్తే ఎర్ర సిరా.

"నీలం పెన్నులు డజన్లకొద్దీ అయిపోయాయి. ఎర్ర పెన్ను మాత్రం మొదట్లో కొన్నదే, ఇంకా రాస్తోంది" అంటుంది మా పిన్ని.

మీ ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఐపీఎల్ వస్తే సన్‌రైజర్స్ కోసం గొంతు చించుకునేవాళ్లు వీధికి పదిమంది. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ బ్యాడ్మింటన్‌లో పతకం కొడితే కోనసీమంతా పండగే. ఎప్పుడూ గెలిచేవాళ్లని అభిమానించడానికి పెద్ద కష్టపడక్కర్లేదు. కానీ ఎప్పుడూ ఓడిపోయే జట్టుని పన్నెండు సీజన్లపాటు వదలకుండా పట్టుకోవడమెలాగో నేర్చుకోవాలంటే మా బాబాయి షాపుకి రావాలి.

ఆయనకీ పిచ్చి ఊరికే పట్టలేదు. కుర్రతనంలో బాబాయి చెడుగుడు బాగా ఆడేవాడు. సంక్రాంతికి గోదారి ఇసుక తిన్నెల మీద పోటీలు జరిగితే కూతకి ముందు ఆయన్నే పంపేవారు. ఒక ఏడాది నలుగురు కలిసి పట్టినప్పుడు మోకాలు మెలిపడింది. ఆ కాలు ఇప్పటికీ చలికాలంలో గుర్తు చేస్తూనే ఉంటుంది. తర్వాత పెళ్లి, షాపు, పిల్లలు. చెడుగుడు సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. 2014లో ఒక సాయంత్రం టీవీలో రంగుల మ్యాట్, లైట్లు, ముప్ఫై సెకన్ల గడియారం, మధ్యలో కూత పెడుతున్న కుర్రాడు కనబడేసరికి టైరు విప్పుతున్న మనిషి అలాగే నిలబడిపోయాడట. "చెడుగుడుకి కూడా మంచిరోజులొచ్చాయిరా" అని ఆ రాత్రే నాకు ఫోన్ చేశాడు.

ఆ కూత పెడుతున్న కుర్రాడు రాహుల్ చౌదరి. పేరు విని మన కృష్ణా జిల్లావాడే అనుకున్నాం. తీరా చూస్తే ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్. అయితేనేం, ఆరు సీజన్లు టైటాన్స్‌కే ఆడాడు. అతనున్న రోజుల్లో నోట్సులో ఎర్ర సిరా బాగానే కనిపిస్తుంది. 2015లో మూడో స్థానం. 2016లో నాలుగో సీజన్‌లో సెమీఫైనల్. ఆ సెమీస్ పోయినప్పుడు "వచ్చే ఏడాది కప్పు మనదే" అన్నాడు బాబాయి. ఆ వచ్చే ఏడాది ఎన్నేళ్లకీ రాలేదు.

2019లో రాహుల్ తమిళ్ తలైవాస్‌కి వెళ్లిపోయాడు. అతని స్థానంలో మహారాష్ట్ర కుర్రాడు సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లు పెట్టి తెచ్చారు. పన్నెండు జట్లలో పదకొండో స్థానం వచ్చింది. ఇంతకంటే కిందికి ఏం పోతాంలే అనుకున్నాం. పోయాం. కొవిడ్ వల్ల బెంగళూరులో ఒకే చోట, ప్రేక్షకులు లేకుండా జరిపిన 2021-22 సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి గెలిచింది ఒక్కటి. తర్వాతి ఏడాది రెండు. ఆ తర్వాత 2.605 కోట్లు పోసి పవన్ సెహ్రావత్‌ని కొన్నారు. కబడ్డీలో అప్పటిదాకా ఎవరికీ అంత ధర పలకలేదు. ఆ ఏడాదీ గెలుపులు రెండే. మూడేళ్లలో 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు, మూడుసార్లూ ఆఖరి స్థానం.

ఆ మూడేళ్లూ హైదరాబాద్‌లో డెస్క్ మీద కూర్చుని నేను మ్యాచ్ పెట్టుకోవడం మానేశాను. బాబాయి మానలేదు. రాత్రి పదింటికి ఫోన్ చేసేవాడు. "ఎలా అయింది బాబాయ్?" అంటే "ఒక పాయింటు వచ్చిందిరా" అనేవాడు.

అదేమిటో తెలియనివాళ్లకి చెప్పాలి. అప్పటి లీగ్ లెక్కల్లో గెలిస్తే అయిదు పాయింట్లు, సమానమైతే మూడు. ఓడినా సరే, తేడా ఏడు పాయింట్లు దాటకపోతే ఒకటి ఇచ్చేవారు. బాగా పోరాడారు, ఉత్త చేతులతో వెళ్లకండి అన్నమాట. టైటాన్స్ ఒక్కటే గెలిచిన ఆ సీజన్‌లో మొత్తం పాయింట్లు 27. గెలుపుకి అయిదు, నాలుగు టైలకి పన్నెండు తీసేస్తే మిగిలిన పదీ ఓడి తెచ్చుకున్నవే. పేపర్లో మేం 'టైటాన్స్‌కు మరో ఓటమి' అని హెడ్డింగ్ పెట్టిన రాత్రుల్లో పదింటికి బాబాయి నోట్సులో వేరే కథ ఉంది. నీలం సిరాతో రాసిన స్కోరు పక్కన చిన్నగా '1'.

ఈ సంగతి టొరంటోలో ఉండే మా బావకి చెబితే పగలబడి నవ్వాడు. "మీ టైటాన్సూ మా మేపుల్ లీఫ్సూ ఒక తాను ముక్కలేరా" అన్నాడు. అక్కడ మంచు మీద ఆడే హాకీ ఉంటుంది. కాళ్లకి స్కేట్లు కట్టుకుని నల్లటి రబ్బరు బిళ్లని కర్రలతో కొడుతూ దూసుకుపోతారు. అక్టోబరులో మొదలైతే ఏప్రిల్ దాకా ఎనభైకి పైగా మ్యాచ్‌లు. మావాడు వెళ్లిన కొత్తలో చలికి ఇల్లు కదల్లేక టీవీలో చూడటం మొదలెట్టి అందులో పడిపోయాడు. ఆ ఊరి జట్టు మేపుల్ లీఫ్స్ చివరిసారి స్టాన్లీ కప్పు గెలిచింది 1967లో. 2013లో బోస్టన్‌తో తేల్చుకోవాల్సిన ఏడో మ్యాచ్‌లో 4-1 ఆధిక్యంలో ఉండి, చివరికి అదనపు సమయంలో 5-4తో ఓడిపోయింది. "తాతలు చూడని కప్పు మనవలైనా చూస్తారని ఇక్కడ ఏటా టికెట్లు కొంటూనే ఉంటారు. బాబాయిని ఇక్కడికి పంపెయ్, కలిసిపోతాడు" అన్నాడు బావ.

మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. వేసవి సెలవులకి ఊరెళ్లినప్పుడు వాడు పాత మ్యాచ్ చూస్తూ సూటిగా అడిగేశాడు. "తాతయ్యా, వీళ్లలో తెలుగు వచ్చినవాళ్లు ఎంతమంది?"

నాకు ఇబ్బందిగా అనిపించింది. చాలా రోజులుగా నా మనసులో ఉన్న ప్రశ్నే అది. ముందుండి ఆడేవాళ్లలో ఎక్కువమంది హర్యానా, ఢిల్లీ, యూపీవాళ్లు. మధ్యలో ఇరాన్ నుంచి వచ్చిన అబోజర్ మిఘానీలాంటివాళ్లూ ఉన్నారు. ఏటా వేలం పాడతారు. నిరుడు మనవాడు ఈ ఏడు పైవాడు. పేరులో తెలుగు ఉంటే చాలా?

బాబాయి టైరులోంచి ట్యూబు లాగుతూ తలెత్తకుండానే అన్నాడు. "గోదారి ఎక్కడ పుట్టిందిరా?"

"నాసిక్ దగ్గర" అన్నాడు మావాడు. స్కూల్లో చెప్పారు మరి.

"మరి మనం గోదారి మనదంటామా, నాసిక్‌వాళ్లదంటామా?"

మావాడు వంతెన వైపు చూశాడు. జొన్నాడకీ రావులపాలేనికీ మధ్య గౌతమి నిండుగా పారుతోంది. ఇంకేం అడగలేదు.

నిజానికి ఆ షాపులో ఇంకో సంగతి ఉంది. అది చెన్నై, కోల్‌కతా హైవే. హర్యానా లారీలు టైర్ల పనికి ఆగుతాయి. ఆ డ్రైవర్లకి తెలుగు రాదు, బాబాయికి హిందీ అంతంతమాత్రం. కానీ టీవీలో కబడ్డీ ఉంటే చాలు, భాషతో పనిలేదు. విజయ్ మలిక్ కూతకి వెళ్తే "హమారా హై" అంటాడు డ్రైవరు. "మాది కూడా" అంటాడు బాబాయి. ఇద్దరూ కలిసి టీ తాగుతారు. పంక్చర్‌కి డబ్బులు మాత్రం తగ్గించడనుకోండి.

2024లో నోట్సు రంగు మారింది. పవన్ గాయంతో కొన్ని మ్యాచ్‌లు దూరమైనా విజయ్ మలిక్ జట్టుని నిలబెట్టాడు. 22లో 12 గెలుపులు, 66 పాయింట్లు. పైకి వెళ్లేది ఆరు జట్లు, మనది ఏడో స్థానం. "ఎర్ర పెన్ను అయిపోయింది, కొత్తది కొన్నా" అని ఫోన్ చేశాడు బాబాయి. ఆ మాట చెప్పడంలో కప్పు గెలిచినంత గర్వం.

2025లో ఏడేళ్ల తర్వాత ప్రొ కబడ్డీ విశాఖకి వచ్చింది. 2018లో వచ్చినప్పుడు ఇంట్లో ఆడపిల్ల పెళ్లి పనులు. హైదరాబాద్ రమ్మంటే షాపు ఎవరు చూస్తారంటాడు. ఈసారి నేను వదల్లేదు. వినాయక చవితికి ఊరెళ్లి, ఆగస్టు 29న రాజమండ్రిలో రైలెక్కించేశాను. పదకొండు సీజన్లు టీవీలో చూసిన మనిషి మొదటిసారి మ్యాట్‌ని కళ్లారా చూశాడు. "ఇంతేనా, మన ఇసుక బరంతే ఉందిరా" అన్నాడు కాసేపు చూసి.

ఆ రోజు ఎదురు జట్టు తమిళ్ తలైవాస్. అందులో పవన్ సెహ్రావత్. నిన్నటిదాకా మన కెప్టెన్. అతను మన మీదికి కూతకి వస్తుంటే బాబాయి చప్పట్లు కొట్టాడు. వెనక సీటు కుర్రాళ్లు గుర్రుగా చూశారు. "మోకాలి దెబ్బ తగిలినవాడు మళ్లీ ఆడుతుంటే కొట్టాలమ్మా" అన్నాడు వాళ్లతో. మ్యాచ్ 38-35తో పోయింది. రైల్లో తిరిగొస్తూ బాబాయి జేబులోంచి కాగితం తీసి స్కోరు రాసుకున్నాడు. "మూడే తేడా. ఒక పాయింటు" అన్నాడు. ఈ ఏడాది నుంచి ఆ లెక్క ఎత్తేశారు బాబాయ్, గెలిస్తే రెండు, ఓడితే సున్నా అని చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. "అదేం న్యాయంరా" అన్నాడు తుని దాటాక.

కానీ జట్టు ఆగలేదు. లీగ్‌లో నాలుగో స్థానం. 2016 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్. బెంగళూరు బుల్స్‌ని 37-32తో పంపేశారు. తర్వాత అక్టోబరు 28న పట్నా పైరేట్స్‌తో మ్యాచ్.

ఆ తేదీ కోనసీమవాళ్లకి వేరే కారణంతో గుర్తుంటుంది. ఆ రాత్రే మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. సాయంత్రం నుంచీ ఆఫీసులో అందరం ఆ పనిమీదే ఉన్నాం. హైవే మీద రాత్రి వాహనాలు ఆపేశారు. జొన్నాడలో కరెంటు పోయింది. పిన్నికి ఫోన్ కలవదు, బాబాయికి కలవదు. కళ్లముందు తెర మీద తుపాను మ్యాపు, పక్కన ఎవరో పెట్టుకున్న చిన్న కిటికీలో కబడ్డీ. రెండింటినీ చూస్తున్నాను. దేనికి ఎక్కువ భయపడ్డానో అడక్కండి.

తొమ్మిది దాటాక ఫోన్ మోగింది. అవతల గాలి హోరు.

"ఇంటి దగ్గర అంతా బాగానే ఉన్నారా బాబాయ్? పిన్నేది?"

"ఉన్నాం, ఉన్నాం. వెనక కొబ్బరిచెట్టు ఒరిగింది, పెంకు లేచిపోయింది. షాపులో ఇద్దరు హర్యానా లారీవాళ్లు ఇరుక్కుపోయారు. మీ పిన్ని వాళ్లకి ఉప్మా చేసి పంపింది. అది సరే, స్కోరు చెప్పు!"

పదకొండేళ్లూ ఆయన నాకు చెప్పిన స్కోరు ఆ రాత్రి నేను ఆయనకి చెప్పాను. 46-39, గెలిచాం. భరత్ హుడా ఒక్కడే 23 పాయింట్లు. అవతల హిందీలో కేకలు వినిపించాయి, వాటి మధ్యలో ఆయన గొంతు. తర్వాత లైను తెగిపోయింది.

మర్నాడు రాత్రికి కూడా కరెంటు రాలేదు. పడిపోయిన అరటితోటల ఫొటోలు చూస్తూ పేజీలు పెడుతున్నాం. ఫైనల్‌కి వెళ్లాలంటే పుణేరి పల్టన్‌ని ఓడించాలి. భరత్ మళ్లీ ఒంటిచేత్తో లాక్కొచ్చాడు. అయినా 50-45తో పోయింది. రెండు రోజుల తర్వాత కప్పు ఢిల్లీవాళ్లు ఎత్తుకున్నారు. అంత దగ్గరికి వచ్చి ఆగిపోవడం ఆఖరి స్థానంలో ఉండటం కంటే బాధ. ఆ మాట బాబాయికి ఎలా చెప్పాలా అనుకుంటూనే ఫోన్ చేశాను. ఈసారి కలిసింది.

"పోయింది బాబాయ్."

కాసేపు మాట లేదు. కొవ్వొత్తి వెలుగులో మేకు నుంచి నోట్సు తీస్తున్నట్టు చప్పుడు.

"ఎంతలో?"

"అయిదు పాయింట్లు."

"అయిదేనా?" అన్నాడు. గొంతులో చిన్న వెలుగు. "ఏడు లోపే కదరా."

ఆ లెక్క ఎత్తేశారనీ, నాకౌట్‌లో అసలు పాయింట్లే ఉండవనీ చెప్పబోయి ఆగాను. నీలం పెన్ను గీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. స్కోరు రాశాక ఇంకొక్క గీత, నిలువుగా, చిన్నగా.