మందిరం గడప దాటి రండి!

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం పల్లెల క్రైస్తవ యువతీ యువకులారా!

ఆదివారం ఆరాధనలో మీ పాట వినసొంపుగా ఉంటుంది. క్రిస్మస్ వస్తే వీధి వీధినా నక్షత్రాలు కడతారు. సంతోషం. కానీ తన శిష్యులకు ప్రభువు చెప్పిన గుర్తు ఇవేవీ కావు. ఒకరినొకరు ప్రేమించుకోవడం, అదొక్కటే గుర్తు.

మీది గొప్ప వారసత్వం. 1876-78 ధాత కరువులో జనం ఆకలికి రాలిపోతుంటే, ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్లను మాత్రం ఆగమన్నాడు. అన్నం కోసం ఎవరూ విశ్వాసం ఒప్పుకోకూడదన్నది ఆయన పట్టుదల. కరువు సాయం ముగిశాకే, 1878 జూలై 3న, వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నల్లమలలో పుట్టి మన కంభం చెరువు నింపే ఏరే అది. ముందు అన్నం, ఆ తర్వాతే బాప్తిస్మం. ప్రేమకు ప్రతిఫలం అడగకూడదని ఆ చరిత్ర చెబుతోంది.

మరి ఈరోజు? ఒకే పల్లెలో బాప్టిస్టులొకచోట, సీఎస్ఐ వాళ్లొకచోట, పెంతెకొస్తు వాళ్లింకొకచోట. ఒక ఇంట్లో చావు జరిగితే "మన సంఘం కాదులే" అని తలుపు వేసుకునేవాళ్లున్నారు. మాల, మాదిగ అన్న గీత ప్రభువు బల్ల దాకా వస్తోంది. ఈ గీతను చెరపాల్సింది మీరే. అవతలి సంఘంలో రోగి ఉంటే వెళ్లి పలకరించండి. వాళ్ల పెళ్లిలో వడ్డించండి, వాళ్ల పాడె మోయండి.

అక్కడితో ఆగకండి. పొరుగువాడెవరని అడిగినవాడికి ప్రభువు సమరయుని కథ చెప్పాడు. దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాడి మతమేదని ఆ సమరయుడు అడగలేదు. మే నెలలో ట్యాంకరు వచ్చిందంటే పైపు చుట్టూ బిందెల తోపులాట. చివర్న నిలబడ్డ ముసలమ్మ వంతు వచ్చేసరికి నీళ్లయిపోతాయి. ఆమె బొట్టు పెట్టుకున్నా, ముసుగు వేసుకున్నా, ముందు ఆమె బిందె నింపి ఇంటిదాకా మోసేది మీరే కావాలి. పలకల పనిలో దుమ్ము పీల్చి దగ్గుతున్న కార్మికుణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లేదీ మీరే. పిల్లలు హైదరాబాదుకో బెంగుళూరుకో వలస పోతే ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులకు మందులు తెచ్చిచ్చేదీ మీరే.

కళ్లెదుటి సోదరుణ్ణి ప్రేమించనివాడు కనిపించని దేవుణ్ణి ప్రేమించలేడని యోహాను తన పత్రికలో తేల్చి చెప్పాడు. అందుకే ఈ ఆదివారం ఆరాధన ముగియగానే ఇంటికి వెళ్లకండి. నలుగురు కలిసి, మీ సంఘానికి చెందని ఒక ఇంటి తలుపు తట్టండి. ఏం కావాలో అడిగి, అది చేసి రండి!