పిల్లికి ఇంట్లో ఇన్సులిన్: విస్తరణ విద్య చేరని మోతాదు

ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. రూపంలోనూ, 70 డబ్ల్యు.జి. రూపంలోనూ అంగడిలో దొరుకుతుంది. పేరు ఒకటే; గాఢత వేరు. ఒకదానికి చెప్పిన కొలతను మరొకదానికి వాడరాదని రైతుకు వివరించడం విస్తరణ శాస్త్రవేత్తకు నిత్యకృత్యం. మోతాదు రెట్టింపు చేస్తే పురుగు రెట్టింపు వేగంతో చస్తుందన్న నమ్మకాన్ని తొలగించడానికి పడుతున్న శ్రమ కూడా ఇంతా అంతా కాదు. ఈ రెండు పాఠాలూ యథాతథంగా అవసరమైన మరొక చోటు ఉంది. అది మధుమేహం వచ్చిన పిల్లిని పెంచుకుంటున్న ఇల్లు. అక్కడికి విస్తరణ విద్య దాదాపుగా అడుగుపెట్టలేదనే చెప్పాలి.

పిల్లుల్లో కనిపించే మధుమేహం చాలావరకు మనుషుల్లోని రెండో రకం మధుమేహాన్ని పోలి ఉంటుంది. నడివయసు దాటి, బరువు పెరిగి, ఇంటి నాలుగు గోడల మధ్యనే తిరిగే పిల్లుల్లో, ముఖ్యంగా వంధ్యీకరణ జరిగిన మగ పిల్లుల్లో ఇది ఎక్కువ. అతిగా నీళ్లు తాగడం, అతిగా మూత్రం పోయడం, బాగా తింటున్నా చిక్కిపోవడం దీని లక్షణాలు. చికిత్సకు ప్రధానాధారం ఇన్సులిన్. దానిని సాధారణంగా 12 గంటల వ్యవధితో రోజుకు రెండుసార్లు చర్మం కింద ఇస్తారు. చాలా పిల్లులకు ఆరంభ మోతాదు పూటకు 1 యూనిట్ మాత్రమే. అంటే ఏడాదికి 730 సూదులు. వాటిలో పశువైద్యుని ఎదుట పడేవి వేళ్లమీద లెక్కపెట్టదగినవి. తక్కినవన్నీ గృహిణి చేతనో, కళాశాలకు పరుగెత్తే కొడుకు చేతనో జరిగేవే. మోతాదును నిర్ణయించేది వైద్యుడే అయినా, దానిని అమలుచేసేది వంటింటి గట్టు దగ్గర.

ఈ వంటింట్లో ఒక విశేషముంది. తెలుగునాట అనేక కుటుంబాల్లో తాతగారి కోసమో నాయనమ్మ కోసమో ఇన్సులిన్ ముందే ఫ్రిజ్‌లో ఉంటుంది. సూది వేయడం తెలిసిన మనిషీ ఉంటారు. ఇది సౌలభ్యమే, కాని పొరపాటుకు దారి కూడా ఇదే. పూటకు 20 యూనిట్లు వేసుకునే పెద్దాయనను రోజూ చూస్తున్న కళ్లకు, పిల్లికి రాసిన ఒక్క యూనిట్ ఏ మూలకు వస్తుందనిపిస్తుంది. ఫ్రిజ్‌లో ఉన్న సీసానే దానికీ వాడితే సరిపోదా అన్న ఆలోచన వస్తుంది. ముందే కలిపి అమ్మే ఇన్సులిన్ రకాలు మనుషుల భోజన వేళలకు తగినట్లు రూపొందినవి. పిల్లికి ఏ రకం పనికివస్తుందో నిర్ణయించవలసింది పశువైద్యుడే.

అసలు ముప్పు సిరంజి దగ్గర ఉంది. భారతదేశంలో ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతలో నేటికీ విరివిగా అమ్ముడవుతున్నాయి. పెన్నులలో వాడే కార్ట్రిడ్జ్‌లలోనూ, పిల్లులకు తరచుగా సూచించే గ్లార్జిన్‌లోనూ ఉండేది 100 యూనిట్ల గాఢత. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ మూత సిరంజి. 100 గాఢత ఉన్న మందును ఎర్ర మూత సిరంజిలో ఒక గీత వరకు తీస్తే లోపలికి వచ్చేది 1 యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు. నాలుగు కిలోల ప్రాణికి ఇది ప్రాణాంతకం కావచ్చు. తారుమారై 40 గాఢత మందును నారింజ మూత సిరంజిలో 1 యూనిట్ గుర్తు వరకు తీస్తే అందేది 0.4 యూనిట్ మాత్రమే. అప్పుడు చక్కెర తగ్గదు, మోతాదు చాలలేదని భావించి పెంచుతారు. తరువాత ఎప్పుడో సరైన సిరంజి చేతికొచ్చిన రోజున, పెంచిన ఆ మోతాదే పిల్లిని పడగొడుతుంది. పైగా ఒక మిల్లీలీటరు నారింజ మూత సిరంజిలో ఒక్కొక్క గీత 2 యూనిట్లకు సమానం. దానితో 1 యూనిట్ కొలవడమంటే కంటి అంచనాయే. అర యూనిట్ గీతలున్న 0.3 మిల్లీలీటరు సిరంజి కావాలని అడగాలన్న సంగతి యజమానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. మందుల చీటీలో యూనిట్ల సంఖ్యతో పాటు మందు గాఢత, సిరంజి రకం కూడా రాయకపోతే ఆ చీటీని అసంపూర్ణంగానే పరిగణించాలి.

మోతాదు పెంచాలన్న ఆత్రం రెండో సమస్య. భయపడ్డ పిల్లి రక్తంలో చక్కెర, మధుమేహం లేకపోయినా, డెసిలీటరుకు 300 మిల్లీగ్రాములు దాటవచ్చు. ఆసుపత్రిలో బుట్టలోంచి లాగి తీసిన రక్తంలో కనిపించిన అంకెను చూసి మోతాదు మార్చడం అందుకే తగదు. గ్లార్జిన్ వంటి మందుల ప్రభావం స్థిరపడడానికి 5-7 రోజులు పడుతుంది. మార్పుకు ఆధారం ఒక పూట కనిపించిన గరిష్ఠ విలువ కాదు. రెండు సూదుల మధ్య చక్కెర ఎంత కనిష్ఠానికి దిగిందన్నది. నిన్న పిచికారీ చేసి ఈ ఉదయం పురుగు కనిపించిందని మళ్లీ డబ్బా భుజానికెత్తుకునే రైతుకు ఏది చెబుతారో, పిల్లి యజమానికి చెప్పవలసిందీ అదే.

మేపు సంగతి దీనితో ముడిపడి ఉంది. పిల్లి స్వభావతః మాంసాహారి. పిండిపదార్థాలను నిర్వహించే శక్తి దాని కాలేయానికి తక్కువ. అయినా తెలుగు ఇళ్లలో దాని పళ్లెంలో పడేది పాలన్నమో పెరుగన్నమో. వ్యాధి నిర్ధారణ అయ్యాక పిండిపదార్థాలు తగ్గించి మాంసకృత్తులు పెంచడం మంచిదే. కాని ఆహారం అలా మారిన కొద్దిరోజుల్లోనే ఇన్సులిన్ అవసరం బాగా తగ్గిపోవచ్చు. వైద్యునికి చెప్పకుండా అన్నం మానిపించడం కూడా ఒక రకంగా మోతాదు పెంచడమే.

యజమానుల చేతికి ఇంత బాధ్యత అప్పగించడం ప్రమాదకరమని వాదించే పశువైద్యులు ఉన్నారు. ఆ భయం నిరాధారమైనది కాదు. అయితే 2009లో కిర్‌స్టెన్ రూంప్, జాకీ రాండ్ ప్రచురించిన అధ్యయనాన్ని వారు పరిశీలించవలసి ఉంది. 55 పిల్లులకు యజమానులే ఇంట్లో రక్తపరీక్ష చేస్తూ, నిర్దిష్ట ప్రణాళిక ప్రకారం గ్లార్జిన్ ఇచ్చారు. వాటిలో 64 శాతం ఇన్సులిన్ అవసరం లేని స్థితికి చేరాయి. వ్యాధి నిర్ధారణ జరిగిన 6 నెలల లోపు ఈ పద్ధతి మొదలుపెట్టినవాటిలో అది 84 శాతం, ఆలస్యమైనవాటిలో 35 శాతం. వారు ఎంతో పట్టుదల గల యజమానులన్నది నిజమే, అందరినుంచీ అంత శ్రద్ధ ఆశించలేం. కాని ఆలస్యానికి చెల్లించే మూల్యమెంతో ఆ అంకెలు చెబుతున్నాయి. మరొక సంగతి: క్లోమం కోలుకుంటున్న పిల్లికి పాత మోతాదే కొనసాగిస్తే చికిత్స ఫలించడమే ఆపదగా మారుతుంది. ఇంటి పరీక్ష కావలసింది మోతాదు పెంచడానికన్నా తగ్గించడానికే.

చెవి అంచున సన్నని సూదితో ఒక్క చుక్క రక్తం తీయడం చాలా పిల్లులు కొద్దిరోజుల్లో అలవాటు చేసుకుంటాయి. మనుషుల గ్లూకోమీటర్లు పిల్లి రక్తంలో అసలు విలువ కంటే తక్కువగా చూపడం సాధారణం. అందువల్ల ఏ పరికరంతో మొదలుపెడితే దానితోనే కొనసాగాలి, దాని పేరు వైద్యునికి తెలిసి ఉండాలి. పిల్లి తినకపోయినా, వాంతి చేసుకున్నా పూర్తి మోతాదు ఇవ్వకుండా వైద్యుని సంప్రదించాలి. సూది పడిందో లేదో అనుమానమైతే మళ్లీ వేయరాదు. ఒక పూట తప్పిపోవడం కంటే రెండుసార్లు పడడం ఎన్నో రెట్లు ప్రమాదం. చక్కెర 60 కంటే దిగినా, పిల్లి తూలినా, వణికినా, స్పృహ తప్పుతున్నా చిగుళ్లకు తేనె గానీ చక్కెర పాకం గానీ రాసి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మూర్ఛలో ఉన్నదాని నోట్లో ఏదీ పోయరాదు.

పాడి పశువులూ గొర్రెలూ ఎదురుచూస్తుండగా పిల్లుల కోసం విస్తరణ సిబ్బంది కాలం వెచ్చించడం తగునా అన్న ప్రశ్న రాక మానదు. కొత్త పథకం గానీ నిధులు గానీ ఇక్కడ అక్కరలేదు. విస్తరణ విద్యలో మొదటి ఏడాదే నేర్పే పద్ధతి ప్రదర్శన చాలు. ఒక సెలైన్ సీసా, రెండు రంగుల మూతల సిరంజిలు, అరగంట సమయం. సిరంజి గీతలు చదవడం తెలిసిన ఆ ఇంట్లో పెద్దాయన మోతాదు తప్పడం కూడా తగ్గుతుంది. పశువైద్య కళాశాలల బోధనాసుపత్రులలో శిక్షణ పొందుతున్న విద్యార్థులకు ఈ పని అప్పగించవచ్చు. యజమాని మొదటి సీసాతో ఇంటికి బయలుదేరే ముందు విద్యార్థి ఎదుట సెలైన్‌ను 1 యూనిట్ గీత వరకు మూడుసార్లు తీసి చూపాలి. ఇంట్లో సూది వేయబోయే రెండో మనిషి కూడా వచ్చి అదే చేసి చూపాలి. ఫ్రిజ్ తలుపుకు అంటించుకునే తెలుగు పట్టికలో తేదీ, పూట, తిన్నదెంత, వేసిందెంత, వేసిందెవరు అన్న ఐదు గడులుంటే చాలు.