మీ ఇంటి ముందున్నది అశోకం కాదు

రెండు వందల గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్న వారికి వేప గాని, చింత గాని పెంచుకునే వీలు ఉండదు. అందువల్ల చాలామంది ప్రహరీ వెంట సన్నగా, నిటారుగా, కొమ్మలన్నీ కాండానికి ఆనుకొని కిందికి వాలి ఉండే చెట్లను వరుసగా నాటుకుంటారు. ఆ అభిరుచిని నేను తప్పుపట్టడం లేదు. మా ఇంటి ముందు కూడా అటువంటివి నాలుగు ఉన్నాయి. నా అభ్యంతరమల్లా వాటిని మనం పిలిచే పేరుతోనే. నర్సరీవారు 'అశోక' అని చెప్పి అమ్ముతున్నారు, మనం అదే పేరుతో కొని నాటుతున్నాం. అది అశోకం కాదు, నరమామిడి.

పేరులో ఏముంది అని మీరు అనుకోవచ్చు. నేను ప్రాంతీయ ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజుల్లో నలభై ఆరేళ్ల గృహిణిని ఆమె భర్త ఆటోలో తీసుకువచ్చారు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. హిమోగ్లోబిన్ 5.8 ఉంది. గర్భిణి కాని స్త్రీకి అది 12కు తగ్గకూడదు. ఐదు నెలలుగా నెలసరి సమయంలో అధిక రక్తస్రావం అవుతున్నదని, మందు వాడుతూనే ఉన్నానని ఆమె చెప్పారు. ఏం మందు అని అడిగాను.

"బయటి మందు కాదండీ డాక్టరు గారూ. మా ఇంటి ముందు అశోక చెట్టు బెరడే, కషాయం కాచుకొని తాగుతున్నాను. ఆడవాళ్ల జబ్బులకు మంచిదంటారు కదండీ!"

చెట్టు ఎలా ఉంటుందని అడిగితే, కరెంటు స్తంభంలా నిలువుగా ఉంటుందని ఆమె భర్త చేయెత్తి చూపించారు. రెండు సీసాల రక్తం ఎక్కించిన తరువాత పరీక్ష చేయిస్తే గర్భాశయంలో పెద్ద ఫైబ్రాయిడ్ గడ్డ బయటపడింది. శస్త్రచికిత్సతో ఆమె కోలుకున్నారు. అది క్యాన్సర్ కాకపోవడం ఆమె అదృష్టం. అయి ఉంటే, ఆ ఐదు నెలలు తిరిగి వచ్చేవి కావు.

ఆయుర్వేదంలో స్త్రీల వ్యాధులకు చెప్పిన అశోకం వేరు. అది చింత చెట్టుకు బంధువు. ఒక్కొక్క ఈనెకు జతలు జతలుగా ఆకులుంటాయి. నారింజ రంగులో విచ్చుకొని ఎరుపెక్కే పూలు గుత్తులు గుత్తులుగా కొమ్మలను అంటుకొని పూస్తాయి. అది గుబురుగా విస్తరించే చెట్టే గాని, స్తంభంలా పెరిగేది కాదు. నరమామిడి సీతాఫలం కుటుంబానికి చెందినది. పొడవాటి ఒంటి ఆకు, అలలు తిరిగిన అంచు, ఆకుల్లో కలిసిపోయే లేత ఆకుపచ్చ పూలు దాని గుర్తులు. అసలు అశోకం అడవుల్లో తగ్గిపోతున్నందున, దాని బెరడులో నరమామిడి బెరడు కల్తీ అవుతున్నదని ఆయుర్వేద ద్రవ్యాలను పరిశీలించినవారే ఎన్నో మార్లు చెప్పారు. కనుక ఇది ఆయుర్వేదంపై విమర్శ కాదు. అసలైన అశోక బెరడే అయినా, రక్తస్రావానికి కారణం తేల్చకుండా ఇంట్లో కాచుకొని తాగడం ప్రమాదమే.

ఏడు రోజులకు మించి రక్తస్రావం అవుతున్నా, గంటకొక ప్యాడ్ తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా ఆలస్యం చేయకండి. ముట్లుడిగిన తరువాత ఒక్క చుక్క కనిపించినా స్త్రీల వైద్య నిపుణులను కలవండి. రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష, స్కానింగ్, అవసరమైతే గర్భాశయపు లోపొర ముక్క పరీక్ష చేస్తారు. కారణం తెలిసిన తరువాతే చికిత్స.

పేరు, గుణం తెలియకుండా నాటడంలో మరొక ఉదాహరణ కోనోకార్పస్. అమెరికా ఖండపు ఉష్ణమండల తీరాలలోని మడ నేలల చెట్టు ఇది. త్వరగా పెరుగుతుంది, కత్తిరిస్తే సన్నని పచ్చని స్తంభంలా నిలుస్తుంది కాబట్టి మన రోడ్ల నడుమ, ఇళ్ల ముందు విరివిగా నాటారు. పుప్పొడి వల్ల కలిగే అలర్జీ, భూగర్భ పైపులను పాడుచేసే వేళ్లు కారణాలుగా చూపి గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటడాన్ని నిషేధించింది. చిన్న పెరటికి ఇది తగదని నా అభిప్రాయం కూడా. అయితే, అది ప్రాణవాయువు ఇవ్వదన్న ప్రచారం అబద్ధం. వెలుతురులో ప్రతి పచ్చని ఆకూ ప్రాణవాయువును ఇస్తుంది. అలాగే, చెట్టు కొట్టించాం కదా అని ఉబ్బసం రోగులు ఇన్‌హేలర్ మానేయడం ప్రాణాంతకం. పరుపులోని దుమ్ము, దోమల చుట్ట పొగ, వంటింటి పొగ అక్కడే ఉంటాయి.

మరి చిన్న స్థలంలో ఏం నాటాలి? నిలువుగా పెరిగే చెట్టే కావాలంటే నరమామిడినే నాటండి. ఇది మన నేలకు అలవాటైన చెట్టు. ఇంటి గోడకు, చెట్టుకూ చెట్టుకూ నడుమ కనీసం ఆరేసి అడుగులు వదలండి. నలభై అడుగులకు పైగా ఎదగగలదు కనుక కరెంటు తీగల కింద వద్దు. పైకొనను నరికితే పక్క కొమ్మలు విస్తరించి ఆ సన్నని రూపమే పోతుంది. పడమటి గోడ వెంట వరుసగా నాటితే సాయంత్రపు ఎండ నేరుగా గోడను తాకదు. కిటికీలకు మాత్రం అడ్డుగా నాటవద్దు, గాలి, వెలుతురు మందు కన్న ముఖ్యం. పండ్ల కాలంలో గబ్బిలాలు వస్తాయి, రాలిన పండ్లను ఏరోజుకారోజు ఊడ్చివేయండి. పాదులో నీరు ఇంకిపోవాలి. మొక్కల పక్కన ఉంచే బకెట్లను, పళ్లేలను వారానికొకసారి పూర్తిగా ఆరబెట్టండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అటువంటి నిలువ నీటిలోనే.

రోగం పేరు తెలియకుండా వైద్యుడు మందు రాయకూడదు. చెట్టు పేరు తెలియకుండా దాని బెరడు ఒలవకూడదు. నరమామిడి చల్లని పచ్చదనం ఇస్తుంది, పండుగనాడు గుమ్మానికి తోరణమిస్తుంది. దాని నుండి అంతవరకే ఆశించండి. ఈ రోజు మీ ఇంట్లోని స్త్రీలకు ఆ చెట్టు అసలు పేరు చెప్పండి. ఎవరైనా కషాయం కాస్తున్నారేమో కూడా అడగండి.