లుగత్‌లో 'ఖయాల్' లేదట!

మా అబ్బాజాన్ కంప్యూటర్లో ఉర్దూ టైపు చేయడం నేర్చుకున్నది బుఢాపాలో. చదువుతుంటే తగిలిన ముష్కిల్ అల్ఫాజ్‌కి ఆసాన్ ఉర్దూలో మాయనా రాసిపెట్టుకునేవారు. ఆయన ఇంతెఖాల్ తర్వాత నాకు దక్కిన విరాసత్ ఆ ఫైలే.

అది విండోస్-1256 అనే పాత ఎన్‌కోడింగ్‌లో ఉంది. ఐకాన్వ్‌తో యూటీఎఫ్-8కి మార్చాను. ఒక్క గల్తీ చూపలేదు. టెర్మినల్‌లో మాట కొడితే మాయనా చూపే చిన్న స్క్రిప్టు రాసుకుని, మొదట 'ఖయాల్' అడిగాను. దొరకలేదంది. పక్కనే ఉన్న మా అమ్మాయి, "దాదా ఆ మాట రాయలేదా అబ్బా?" అంది. ఫైలు తెరిస్తే కళ్లెదుటే ఉంది!

కిస్సా ఏమిటంటే, విండోస్-1256లో ఉర్దూ 'యే' లేనే లేదు. అందులో ఉన్నది అరబీ 'యే', యూనికోడ్‌లో దాని నంబరు 064ఏ. నా ఉర్దూ కీబోర్డు కొట్టేది 06సీసీ. మాట మధ్యలో వస్తే రెండిటికీ కింద రెండు నుఖ్తాలే, ఒకే షకల్. కంటికి ఫరక్ లేదు, మెషీనుకి జమీన్ ఆస్మాన్ ఫరక్. ఇందులో ఐకాన్వ్ ఖసూర్ లేదు. ఉన్న హర్ఫ్‌ని ఉన్నట్టే అమానత్‌లా అప్పజెప్పింది. యూనికోడ్ నార్మలైజేషన్ చేసినా ఈ రెండూ కలవవు.

నా రాయ్ ఇది: ఎన్‌కోడింగ్ మార్చేయగానే లుగత్ తయారుచేసేవాళ్ల జిమ్మేదారీ ఖతం కాదు. వెతికే ముందు, అడిగిన మాటనీ లుగత్‌లోని మాటనీ ఒకే రూపానికి తేవాలి. అదీ వెతకడం వరకే. అసలు ఫైలుని ముట్టుకోకూడదు, అందులో అరబీ దువా ఉంటే అక్కడ అరబీ 'యే'నే సహీ. అలాగని కనిపించినవన్నీ కలిపేస్తే ఇంకో ముసీబత్. మామూలు 'హే'నీ దోచష్మీ 'హే'నీ ఒకటి చేస్తే, చొరవ అనే 'పహల్', పండు అనే 'ఫల్' ఒకటే అయిపోతాయి. ఏది కలపాలో, ఏది కూడదో జబాన్ తెలిసినవాళ్లని అడగాలి.

తెలుగూ తక్కువ తినలేదు. 'మస్జిద్‌లో' అని రాస్తే, పొల్లు నిలబడడానికి 'ద్' తర్వాత కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంది. అది లేకుండా కొట్టి వెతకండి, దొరకదు.

ఇవన్నీ మనకి తెలుసు కాబట్టి సరిచేసుకుంటాం. పిల్లలకి తెలీదు. 'దొరకలేదు' అంటే 'లేదు' అనుకుని వెళ్లిపోతారు. నా స్క్రిప్టులో రెండు లైన్లు కలిపి మా అమ్మాయిని మళ్లీ పిలిచాను. ఈసారి 'ఖయాల్' తనే కొట్టింది. దాదా రాసిన మాయనా వచ్చింది.